ఫోన్‌లో రష్యన్: ముందు ‘దా, దా’ అనడం మానండి

ప్రశ్న: నేను రష్యాలోని కజాన్‌లో ఎంబీబీఎస్ నాలుగో సంవత్సరం చదువుతున్నాను. మాది ఖమ్మం దగ్గర పల్లెటూరు. మొదట్లో క్లాసులన్నీ ఇంగ్లిషులోనే జరిగిపోయాయి. రష్యన్ ఒక సబ్జెక్టుగా చదివాను, మార్కులు బాగానే వచ్చాయి. కొట్లో, బస్సులో, ఇప్పుడు వార్డులో పేషెంట్ల దగ్గరా ఎలాగోలా నెట్టుకొస్తున్నాను. ఫోన్ మోగితే మాత్రం గుండె దడ. అవతలివాళ్లు రెండు ముక్కలు మాట్లాడేసరికి ఏమీ ఎక్కదు. ‘దా, దా’, అంటే అవును, అవును అనేసి పెట్టేస్తాను. పోయిన నెల పాలీక్లినిక్‌కి నేనే ఫోన్ చేసి అపాయింట్‌మెంట్ తీసుకున్నాను. గురువారం మూడున్నర అని విన్నట్టు గుర్తు. తీరా వెళ్తే నా టైము గంట కిందటే అయిపోయిందన్నారు. అప్పట్నుంచి ఏ ఫోనొచ్చినా మా సీనియర్ అన్న చేతికిస్తున్నాను. ఆయనేమో ఈ వేసవికి చదువు ముగించుకుని వెళ్లిపోతున్నాడు. ఎదురుగా ఉంటే అర్థమయ్యే భాష ఫోన్‌లో ఎందుకు అర్థం కాదు? ఎలా సాధన చేయాలి? ఫోన్ సంభాషణల కోసమే ఒక ఆన్‌లైన్ కోర్సు ఉంది, చేరమంటారా?
– పేరు వద్దు, కజాన్

జవాబు: మీ గంట ఎక్కడ పోయిందో ముందు చూద్దామమ్మా. పాలీక్లినిక్‌లో ఫోన్ ఎత్తినావిడ ‘పల్‌త్ర్యేత్యివ’ అని ఉంటుంది. అందులో సగం అనే ముక్క వినబడింది, మూడుకి సంబంధించిన ముక్కా వినబడింది. రెండూ కలిపి మూడున్నర చేసుకున్నారు. వాళ్ల లెక్కలో అది మూడో గంటలో సగం. రెండు కొట్టాక నడిచేది మూడో గంట కాబట్టి, దాన్లో సగమంటే రెండున్నర. ఒంటిగంటన్నరకి ‘పల్‌ఫ్తరోవ’ అంటారు, రెండో గంటలో సగమని. ‘బిస్ పిత్నాత్సతి త్రీ’ మాత్రం మనకు కొత్తేమీ కాదు, మన పావు తక్కువ మూడే.

అంటే మీకు మాటలు వినబడకపోవడం కాదు, మీరు విన్నది సరైనదో కాదో అడక్కుండా వదిలేశారు. ఉత్తరమంతా చదివితే నాకు కనిపించిన అసలు జబ్బు ఇదొక్కటే. రష్యన్ తక్కువై కాదు, ‘దా’ ఎక్కువై ఇబ్బంది పడుతున్నారు.

మనకు ఫోన్‌లో ఊఁ కొట్టే అలవాటుంది. అమ్మ అరగంట ఊళ్లో సంగతులు చెబుతుంటే ఇవతల నుంచి ‘ఊఁ... ఆహాఁ... ఊఁ’ అంటుంటాం. వింటున్నాను, కానియ్ అని దాని భావం. ఒప్పుకున్నట్టు కాదు. మీరు అదే ధోరణిలో ‘దా, దా’ అంటున్నారు. రిజిస్ట్రేషన్ దగ్గర కూర్చున్నావిడకి ఒక్కో ‘దా’ ఒక్కో ఖాయం. గురువారం కుదురుతుందా? దా. రెండున్నరకి రాస్తున్నాను, సరేనా? దా. ఇన్సూరెన్స్ కాగితం వెంట తెస్తారు కదా? దా. ఆవిడ పని అయిపోయింది, పెట్టేసింది. ఆవిడ తప్పేమీ లేదు.

కాబట్టి ఈ వారం నుంచి ఒక కట్టుబాటు పెట్టుకోండి. అర్థం కానిదానికి ‘దా’ అనకూడదు. దాని బదులు విన్నదాన్ని మీ నోటితో తిరిగి చెప్పి, ‘ప్రావిల్న?’ అని అడగాలి. ‘జ్నాచిత్, ఫ్ చిత్వ్యేర్క్, ఫ్ చితీర్నత్సత్ త్రీత్సత్. ప్రావిల్న?’ అంటే ‘అయితే గురువారం, పద్నాలుగు ముప్ఫైకి, అంతేనా?’ అని. ఇలా ఇరవై నాలుగు గంటల లెక్కలోకి మార్చి అడిగితే సగాలూ పావులూ పోయి అంకెలే మిగులుతాయి. రైల్వే టైము మనకూ అలవాటే కదా. మీరు పదిహేను ముప్ఫై అని ఉంటే ఆవిడ అక్కడే దిద్దేది.

వాళ్ల ‘దా’ సంగతి కూడా చెప్పుకోవాలి. ‘దా న్యెత్’ అని వినబడితే చాలామంది మనవాళ్లు మొదటి మాట పట్టుకుని అవును అనుకుంటారు. అది లేదు అని. కొంచెం మెత్తగా, ‘అబ్బే, లేదండీ’ అన్న ధోరణిలో. దాని వెనక ‘నవ్యేర్నయ’ తగిలిస్తే ‘లేదేమోలెండి’. ఎదురుగా ఉంటే తల అడ్డంగా ఊపడం కనిపిస్తుంది, ఫోన్‌లో ఆ సాయం ఉండదు. ‘ఉగూ’, ‘అగా’ రెండూ అవునే. ‘న్యె-అ’ కాదు. సగం మంది ఇలా ముక్కుతోనే జవాబు చెప్పేస్తారు, చెవి దానికి సిద్ధంగా ఉండాలి.

ఇక, ఎదురుగా అర్థమయ్యేది ఫోన్‌లో ఎందుకు అర్థం కాదంటారు. పెదాలు కనబడవు, చెయ్యి చూపించే వస్తువు కనబడదు, అది ఒక కారణం. రెండోది గొట్టం ఇరుకు. పాత పద్ధతి టెలిఫోన్ లైను సుమారు 300 నుంచి 3400 హెర్ట్జ్ మధ్య ధ్వనినే మోసుకెళ్తుంది. స, ఫ లాంటి ఊదే హల్లులకు ప్రాణం అంతకంటే పైన ఉంటుంది. రష్యన్‌లో ఆ జాతి హల్లులు కుప్పలు. అందుకే ఫోన్‌లో ‘స’కీ ‘ఫ’కీ తేడా చెరిగిపోతుంది. ఇప్పటి 4జీ కాల్స్‌లో రెండు వైపులా సౌకర్యం ఉంటే 7000 దాకా వస్తుంది, అది కాస్త నయం. ఆఫీసుల ల్యాండ్‌లైన్లు, లౌడ్‌స్పీకర్లో పెట్టి మాట్లాడేవాళ్లు మాత్రం మీకు కష్టమే. ముందు ఒక జత మంచి ఇయర్‌ఫోన్లు కొనుక్కోండి. స్పీకర్లో పెట్టి హాస్టల్ గదిలో అందరూ వింటుండగా మాట్లాడటం ఆపేయండి.

మూడోది, మీరు పుస్తకంలో చదివిన మాటలను వాళ్లు పూర్తిగా పలకరు. ‘సిచాస్’, అంటే ఇప్పుడే అన్న మాట కాస్తా ‘షాస్’ అయిపోతుంది. వెయ్యి అనే ‘తీసిచ’ను ‘తీష్ష’ అంటారు. ‘జ్ద్రాస్త్‌వుయ్‌త్యే’ అనే నమస్కారం నోట్లో సగం మిగిలి ‘జ్ద్రాస్త్యే’గా బయటికొస్తుంది. టీచర్ల పేర్లూ అంతే. మరీయా ఇవానవ్న అన్న పేరు ‘మార్యివాన్న’ అవుతుంది, అలిక్సాందర్ అలిక్సాంద్రవిచ్ ‘సాన్ సానిచ్’ అవుతాడు. మీరు అంత కుదించి అనక్కర్లేదు, కానీ దికనాత్, అంటే డీన్ ఆఫీసు నుంచి ఎవరో ‘సాన్ సానిచ్ రమ్మంటున్నారు’ అంటే అది మీ ప్రొఫెసరుగారేనని తెలియాలి. ఫోన్ చేసేముందు ఆ మనిషి పేరు, తండ్రి పేరు కలిపి కాగితం మీద రాసుకోండి. పెద్దవాళ్లతో, ఆఫీసువాళ్లతో ఎప్పుడూ ‘వి’. మనకు మీరు, నువ్వు తేడా పుట్టుకతో తెలుసు కాబట్టి ఇందులో మీకు పాఠం అక్కర్లేదు.

అన్నిటికంటే ఎక్కువ ముంచేవి అంకెలు. నా మాట నమ్మి, మీ సాధనలో సగం కాలం వీటికే ఇవ్వండి. మనం ఫోన్ నంబరు చెబితే ఒక్కో అంకె విడిగా, మహా అయితే ‘డబుల్ ఫైవ్’ అంటాం. రష్యన్లు అలా చెప్పరు. ముందు ఎనిమిదో, ప్లస్ ఏడో చెప్పి, ఆ తర్వాత పది అంకెలను మూడు, మూడు, రెండు, రెండుగా విడగొట్టి చదువుతారు. మూడంకెల ముక్కను వందల్లో చెబుతారు. 917 అంటే తొమ్మిది, ఒకటి, ఏడు అని కాదు, ‘దివిత్సోత్ సిమ్నాత్సత్’, తొమ్మిదివందల పదిహేడు. తర్వాతి రెండంకెల జతలు నలభై ఐదు, అరవై ఏడు అంటూ పరిగెడతాయి. మీరు తొమ్మిదివందలు రాసుకునేలోపు ఆవిడ చివరి జతలో ఉంటుంది.

ఆ పరుగులో 50, 60 కవలపిల్లలు. పుస్తకం ప్రకారం ‘పిద్దిస్యాత్’, ‘షిజ్దిస్యాత్’. మాటల్లో ‘పిస్యాత్’, ‘షిస్యాత్’. 12, 19 కూడా అంతే. ‘ద్వినాత్సత్’, ‘దివిత్నాత్సత్’ మధ్య ఉన్న చిన్న అక్షరాన్ని లైను మింగేస్తుంది. అనుమానం వస్తే అంకెలు విడగొట్టి అడగండి. ‘ప్యాత్, నోల్?’ అంటే ‘ఐదు, సున్నానా?’ అని. వాళ్లలో వాళ్లు కూడా ఇలాగే అడుగుతారు, ఇందులో నామోషీ లేదు. మొత్తం నంబరే అందకపోతే ‘ప అద్నోయ్ త్సీఫ్రె, పజాలుస్త’ అనండి. ఒక్కొక్క అంకె చెప్పమని. ఈ ఒక్క వాక్యం నేర్చుకోకుండా రష్యాలో ఫోన్ ఎత్తకూడదని నా అభిప్రాయం.

సాధన ఇలా చేయండి. మీ బ్యాచ్‌లో రష్యన్ పిల్ల ఎవరైనా ఉంటుంది కదా, ఏదో ఒక మెసెంజర్లో రోజూ పది నంబర్లు వాయిస్ మెసేజ్‌గా పంపమనండి, తనకు అలవాటైన వేగంతోనే. నెమ్మదిగా చదివితే ఉపయోగం లేదు. మొదటిసారి వినగానే రాయండి, తర్వాత మళ్లీ విని దిద్దుకోండి. వాయిస్ మెసేజ్‌లో సుఖమేమంటే మళ్లీ వినొచ్చు, అవతల ఎవరూ విసుక్కోరు. బదులుగా ఆ అమ్మాయికి ఇంగ్లిషు అంకెలు పంపండి, ఆమెకూ పనికొస్తుంది. కాల్స్ కూడా మెసెంజర్లోనే కానిచ్చేద్దామనుకుంటారేమో, అదీ కుదరదు. 2025 ఆగస్టు నుంచి అక్కడ వాట్సాప్, టెలిగ్రామ్ కాల్స్‌కి ఆంక్షలు పెట్టారు. మామూలు ఫోన్ కాల్ మళ్లీ ముఖ్యమైపోయింది.

ఆ తర్వాత మెట్టు, మీరే ఫోన్ చేయడం. వచ్చే ఫోన్ల కంటే చేసే ఫోన్లు ఎప్పుడూ తేలిక. విషయం మీ చేతిలో ఉంటుంది, అవతలివాళ్లు అడగబోయే నాలుగు ప్రశ్నలు ముందే ఊహించొచ్చు. మందుల షాపుతో మొదలుపెట్టండి. మెడికల్ విద్యార్థికి మందుల పేర్లు కొట్టినపిండి కాబట్టి ఆ భారం ఉండదు. సంభాషణ దాదాపు ఎప్పుడూ ఇంతే ఉంటుంది:

‘అప్త్యేక, స్లూషయు.’
‘జ్ద్రాస్త్‌వుయ్‌త్యే. పత్‌స్కజీత్యే, పజాలుస్త, ఉ వాస్ యేస్త్ ఇబుప్రఫ్యేన్?’
‘యేస్త్.’
‘అ స్కోల్క స్తోయిత్?’

‘మందుల షాపు, చెప్పండి’, ‘నమస్కారం, కాస్త చెబుతారా, మీ దగ్గర ఇబుప్రొఫెన్ ఉందా?’, ‘ఉంది’, ‘ఎంత?’ అని అర్థం. షాపావిడ ధర చెబుతుంది. మీరు ఆ అంకెను తిరిగి చెబుతారు. ‘ఉగూ’ అంటుంది. ‘స్పసీబ, ద స్విదానియ.’ అయిపోయింది. అర నిమిషం. మర్నాడు ఇంకో షాపుకి చేసి, ఎన్నింటిదాకా తీసి ఉంటుందో అడగండి, ‘ద స్కల్కీ వి రబోతయిత్యే?’ అని. జవాబులో మళ్లీ ఒక అంకే వస్తుంది. సాయంత్రం రద్దీ వేళ కాకుండా మధ్యాహ్నం చేస్తే వాళ్లకు ఓపిక ఉంటుంది. ‘పత్‌స్కజీత్యే, పజాలుస్త’ అన్నది గుర్తుపెట్టుకోండి, ‘కాస్త చెబుతారా’ అని. దాంతో మొదలుపెడితే ఏ ప్రశ్నయినా మర్యాదగానే ఉంటుంది.

ఫోన్ ఎత్తినవాళ్లు ‘దా’ అనో ‘స్లూషయు’ అనో పొడిగా అంటే కోపంగా ఉన్నారనుకోకండి. వాళ్ల పద్ధతే అది. బాగున్నారా, తిన్నారా అని మనలా మొదలుపెట్టరు. మీరూ పలకరింపుల జోలికి పోకుండా నమస్కారం చెప్పి, పేరు చెప్పి, పని చెప్పండి. ‘నేను విదేశీ విద్యార్థిని, కొంచెం మెల్లగా మాట్లాడండి’ అని మొదట్లోనే ఒకసారి చెప్పేయొచ్చు: ‘యా ఇనస్త్రాన్నయ స్తుద్యేంత్క, గవరీత్యే, పజాలుస్త, మ్యేద్లిన్నియే.’ ఒక్కసారి చాలు. ప్రతి వాక్యానికీ ‘ఇజ్వినీత్యే’ అంటూ క్షమాపణలు చెబుతూ కూర్చుంటే అవతలి మనిషికే ఇబ్బంది. లైను తెగుతుంటే ‘వి ప్రపదాయిత్యే’ అనండి. పెన్ను వెతుక్కోవాలంటే ‘మినూతచ్కు’. పెట్టేస్తారేమో అనిపిస్తే ‘ని క్లదీత్యే త్రూప్కు’.

ఆడపిల్లలు తరచూ జారేచోటు ఒకటుంది. తెలుగులో ‘ఫోన్ చేశాను’ అని అబ్బాయి అన్నా అమ్మాయి అన్నా ఒకటే. రష్యన్‌లో మీరు ‘జ్వనీల’ అనాలి, అబ్బాయైతే ‘జ్వనీల్’. అర్థమైంది అనడానికి మీకు ‘పనిలా’, అతనికి ‘పోన్యల్’. సీనియర్ అన్న మాట్లాడుతుంటే విని నేర్చుకున్నారు కాబట్టి మీ నోట అతని రూపాలే వస్తుంటాయని నా అనుమానం. ‘ఫోన్ చేస్తాడు’ అనే మాటను ‘జ్వనీత్’ అనే పలకండి, ఒత్తు చివర. ముందు ఒత్తితే ముక్కూమొహం తెలియనివాళ్లు కూడా దిద్దుతారు. కంగారుపడకండి, ఆ మాట విషయంలో వాళ్లు ఒకర్నొకరు కూడా అలాగే దిద్దుకుంటారు.

పేరు చెప్పడం ఇంకో గండం. మన పేర్లు వాళ్లకు ఒక్కసారికి ఎక్కవు. ‘ప బూక్వమ్’, అంటే అక్షరం అక్షరం చెప్పమంటారు. అప్పుడు వాళ్లు మనుషుల పేర్లు వాడతారు. లక్ష్మి అని చెప్పాలంటే లిఅనీద్, ఆన్న, కన్‌స్తన్‌తీన్, షూర, మిఖయీల్, ఇవాన్. ప్రతి పేరు మొదటి అక్షరం తీసుకుంటారన్నమాట. మీ వీసా మీద మీ పేరు రష్యన్ అక్షరాల్లో కూడా ఉంటుంది. అది మనం పలికినట్టు కాకుండా పాస్‌పోర్టులోని ఇంగ్లిషు స్పెల్లింగును బట్టి ఉండొచ్చు. అయినా సరే, ఫోన్‌లో అదే చెప్పండి. ఒక్కోచోట ఒక్కోలా రాయిస్తే కాగితాలు కలవక తిరగాల్సింది మీరే. ఇంటిపేరుతో సహా ఇలా పేర్ల వరస రాసి, నిద్రలో లేపి అడిగినా చెప్పేలా వల్లె వేయండి.

వచ్చే ఫోన్ల సంగతికొస్తే, తెలియని నంబరు ఎత్తకపోయినా నేరం కాదు. నిజంగా పనున్నవాళ్లు మెసేజ్ పెడతారు, లేదా మళ్లీ చేస్తారు. ఎత్తాక ‘స్లూజ్బ బిజపాస్నస్తి బాంక’ అనో, ‘బిజపాస్నియ్ ష్షోత్’ అనో వినబడితే ఇంకేమీ అర్థం చేసుకునే ప్రయత్నం చేయకండి. బ్యాంకు భద్రతా విభాగమని చెప్పి, మీ డబ్బు సురక్షిత ఖాతాలోకి మార్చమనే దొంగలు వాళ్లు. ఎస్ఎంఎస్‌లో వచ్చిన కోడ్ ఎవరడిగినా చెప్పకుండా పెట్టేయండి. ఇక్కడ మర్యాద అవసరం లేదు. వీళ్ల దగ్గరైతే మీ ‘దా, దా’ కొంప ముంచుతుంది కూడా.

మీ వరకు వచ్చే మంచి ఫోన్లలో ఎక్కువ భాగం కొరియర్‌వాళ్లవే. వాళ్లు అడిగేది ఏ ‘పద్యేస్త్’, అంటే ఏ ద్వారం, ఏ ‘ఎతాష్’, అంటే ఏ అంతస్తు, ద్వారం తెరిచే ‘దమఫోన్’ కోడ్ ఎంత అని. అంతస్తు దగ్గర జాగ్రత్త. మనం గ్రౌండ్ ఫ్లోర్ అనేది వాళ్లకు ఒకటో అంతస్తు. మన లెక్కన మూడో ఫ్లోర్లో ఉంటే నాలుగు అని చెప్పాలి. కొరియర్ విషయంలో ఒక అంతస్తు తేడా వస్తే నవ్వుకుంటాం, అంబులెన్సు విషయంలో నవ్వులాట కాదు. 103కి గానీ 112కి గానీ చేస్తే డిస్పాచర్ అడిగేవి కూడా దాదాపు ఇవే. ఏం జరిగింది, రోగి వయసెంత, వీధి, ఇంటి నంబరు, ‘కోర్పుస్’, అంటే బ్లాకు ఉంటే అది, ద్వారం, అంతస్తు, కోడ్. ఇవన్నీ రష్యన్‌లో పెద్ద అక్షరాలతో రాసి గది తలుపు లోపలివైపు ఈరోజే అంటించండి. గదిలో ఎవరికి ప్రాణం మీదకొచ్చినా మిగతావాళ్లు చూసి చదివితే సరిపోతుంది.

సీనియర్ అన్న వెళ్లేలోపు ఆయన్ని ఇంకోలా వాడుకోండి. ఫోన్ ఆయన చేతికివ్వకండి. రెండో ఇయర్‌ఫోన్ ఆయన చెవిలో పెట్టండి, మీరు మాట్లాడండి, ఆయన కాగితం మీద ఒక్క మాట మాత్రమే రాసి చూపించాలి, అదీ మీరు పూర్తిగా ఇరుక్కున్నప్పుడే. మొదట దికనాత్‌కి ఒక ‘స్ప్రాఫ్క’, అంటే ధ్రువపత్రం గురించి చేయండి, తర్వాత పాలీక్లినిక్‌కి. అవును, అదే పాలీక్లినిక్‌కి. ‘యా ఖచూ జపిసాత్సా క్ తిరప్యేఫ్తు’, అంటే జనరల్ డాక్టరు అపాయింట్‌మెంట్ కావాలి అని మొదలుపెట్టండి, చివర్లో రోజు, టైము తిరిగి చెప్పించి పెట్టండి. వచ్చే ఏడాది వార్డులో పేషెంటు బంధువులతో ఫోన్‌లో మాట్లాడాల్సి రావచ్చు. వాళ్లు కంగారులో ఉంటారు, మీకోసం మెల్లగా మాట్లాడరు. ఈ సాధన అప్పటికి అక్కరకొస్తుంది.

ఇక ఆ ఆన్‌లైన్ కోర్సు. వీడియోలో ముఖం చూపిస్తూ, తెర మీద సంభాషణలు చదివించే కోర్సైతే డబ్బు దండగ. అది మీకు వచ్చిన విద్యే. వారానికి రెండు మూడుసార్లు టీచరు మీ నంబరుకి మామూలు కాల్ చేసి, ఒకసారి కొరియర్‌లా, ఒకసారి క్లినిక్ ఆవిడలా, మామూలు వేగంతో మాట్లాడతానంటే చేరండి. అది వాళ్ల ప్రకటనలో రాయరు కాబట్టి కనుక్కోవాలి. ఫోన్ చేసి రష్యన్‌లోనే అడగండి, పాఠాలెన్ని, ఎప్పుడు మొదలు, ఫీజెంత అని. ఫీజు మాత్రం ‘ప అద్నోయ్ త్సీఫ్రె’ చెప్పించుకోండి.